ఇద్దరమూ తగ్గిన ఇరవై రోజులు

మా ఇంట్లో ఒక చిల్లి గిన్నె ఉంది. రాగిది. అడుగున సూదిమొన పట్టేంత బెజ్జం. చూడవచ్చినవాళ్ళు పాత సామాన్లకు వేయడం మరిచిపోయారనుకుంటారు. నేను సరిదిద్దను. వివరించుకోవడం మా ఇంటి అలవాటు కాదు.

మా పూర్వులు నల్లమల అంచున పాళెగాళ్ళు. మా తాత నాటికి ఊళ్ళు పోయి, కోట పోయి, మూడు గ్రామాల మీద పెత్తనమూ ఒక దివాణమూ మిగిలాయి. మా నాయన నాటికి దివాణం కూడా పోయింది. నా నాటికి మిగిలినవి ఈ గిన్నె, ఒక వంగని వెన్ను. వెన్ను సంగతి మా ఆఫీసులో అందరికీ తెలుసు. బస్సులో డ్రైవరు బ్రేకు వేసినా సారు ముందుకు వాలడని చెప్పుకునేవారు.

ఆ గిన్నెను తొట్టి నీళ్ళలో తేలేస్తే బెజ్జంలోంచి నీళ్ళెక్కి సరిగ్గా ఒక గడియకు మునుగుతుంది. మునగ్గానే దివాణం వాకిట్లో గంట కొట్టేవారు. ఆ గంట విని పక్క ఊరి తలారి తన గంట కొట్టేవాడు. అది విని ఆవలి ఊరివాడు. అట్లా మూడు ఊళ్ళకూ మా ఇంటి నుంచే కాలం వెళ్ళేది. అయితే చివరి ఊరికి చేరేసరికి అందులో ఎదురుగాలి, తలారి కునుకు, వాడి చుట్ట ముట్టించుకునే ఆలస్యం అన్నీ కలిసేవి. మా గంటకూ చివరి గంటకూ మధ్య ఒక మనిషి స్నానం చేసి రావచ్చని మా అమ్మ అనేది.

ఇదంతా ఎందుకంటే, నేను టెలిఫోను శాఖలో ముప్పై నాలుగేళ్ళు పనిచేశాను, చివరి పదేళ్ళు చేసిందీ ఇదే. గంటను ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి, అందులో గాలీ కునుకూ కలవకుండా అందించడం. తలారి స్థానంలో గాజు పోగు, గంట స్థానంలో వెలుగు. మిగతాదంతా మా దివాణం పనే.

ఇప్పటి పిల్లలు ఫోను తీసి చూస్తే టైము అందులోనే ఉంటుంది, ఎక్కడినుంచి వస్తుందో అడగరు. అడగాల్సిన అవసరం లేకుండా చేయడమే మా ఉద్యోగం కాబట్టి నాకు కోపం లేదు. కానీ ఒక సంగతి తెలుసుకోండి. ఇద్దరు ఆడవాళ్ళు ఒకే రోట్లో వడ్లు దంచడం చూశారా? ఒకరి రోకలి లేచేటప్పుడు ఇంకొకరిది దిగుతుంది. ఒకామె రవ్వంత వేగం పెంచినా కాసేపు ఏమీ కాదు, తరువాత ఒక పోటు దగ్గర రెండు రోకళ్ళూ కొట్టుకుంటాయి. రెండు టెలిఫోను ఎక్స్ఛేంజీలు మాట్లాడుకోవడమూ అంతే. రెండింటి పోటూ ఒకటే ఉండాలి. ఆ పోటునే మేము క్లాకు అంటాం. అది తప్పినచోట మాటలో ఒక ముక్క జారిపోతుంది. దాన్ని స్లిప్పు అంటాం. మనిషి మాటకు స్లిప్పు పెద్ద లెక్క కాదు, టిక్కుమని ఒక చప్పుడు వస్తుంది, నాలుక చప్పరించారనుకుంటారు. ఫ్యాక్సుకు మాత్రం ప్రాణం మీదికొస్తుంది.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో, నేను కడప జిల్లాలో మైదుకూరు పక్కన ఒక చిన్న ఊరి ట్రాన్స్‌మిషన్ స్టేషనుకు అధికారిని. కర్నూలులో అసలు క్లాకు ఉండేది. అక్కడి నుంచి ఫైబరు, అంటే ఆ గాజు పోగు, రెండు దారుల్లో వచ్చేది. ఒకటి నంద్యాల మీదుగా నా స్టేషనుకు, నా దగ్గరి నుంచి కడపకు. రెండోది గుత్తి, ఎర్రగుంట్ల మీదుగా కడపకు. అంటే వడ్డాణం లాగా చుట్టూ తిరిగి కలిసే దారి. నేను నంద్యాల వైపు నుంచీ క్లాకు తీసుకోవచ్చు, కడప వైపు నుంచీ తీసుకోవచ్చు. కడపకూ అట్లాగే రెండు వైపులు. ఎవరు ఎవరి దగ్గర తీసుకోవాలో ఒక కాగితం మీద నిర్ణయిస్తారు. అందరూ ఆ కాగితం పాటిస్తే గొడవ లేదు.

కడప స్టేషను అధికారి నా హోదావాడే. వయసులో నాలుగేళ్ళు చిన్న. అతని తాత మా దివాణంలో కరణం. ఇరవై ఏళ్ళు మా లెక్కలు రాశాడు. ఈ విషయం అతనికీ తెలుసు, నాకూ తెలుసు, ఇద్దరం ఎన్నడూ ఎత్తలేదు. ఎత్తకపోవడం వల్లనే అది మా మధ్య కుర్చీ వేసుకుని కూర్చునేది.

క్లాకు ఏర్పాటు కాగితం అతని సంతకంతోనే వచ్చింది. అందులో ఒక వాక్యం: ‘మీ స్టేషను ఇకమీదట కడప క్లాకును అనుసరించవలెను.’

నేను రెండుసార్లు చదివాను. అనుసరించవలెను. మూడు ఊళ్ళకు గంట కొట్టిన ఇంటివాణ్ణి, కరణం మనవడి గంట విని నా గంట కొట్టాలట. జవాబుగా ఒకే వాక్యం రాశాను: ‘మా స్టేషనుకు కర్నూలు క్లాకు నంద్యాల మీదుగా సక్రమముగా అందుచున్నది.’

అతనికి ఒళ్ళు మండింది. ఆనాటి నుంచి అతను తన స్టేషనును ఎర్రగుంట్ల వైపు నుంచే నడుపుకున్నాడు, నేను నంద్యాల వైపు నుంచి నడుపుకున్నాను. మా ఇద్దరి మధ్య ఉన్న ఫైబరులో ఊళ్ళవాళ్ళ మాటలు పోయేవి, క్లాకు పోయేది కాదు. మేమిద్దరం కూడా మాట్లాడుకునేవాళ్ళం కాదు. రెండేళ్ళు. స్టేషన్ల మధ్య మా పనికోసమే ఒక ఫోను ఉండేది. అది మోగితే నేను తీసేవాణ్ణి కాదు, ఆయన చేసేవాడూ కాదు.

చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా చెప్పాలి. ఆ రెండేళ్ళూ క్లాకు అద్దంలా నడిచింది. ఇద్దరం వేర్వేరు దారుల్లో తీసుకున్నా మూలం కర్నూలే కదా. ఒక్క స్లిప్పు లేదు.

మా ఇద్దరి మధ్య మాటలు మోసింది మా కేబులు జాయింటరు. తెగిన గాజు పోగులను మిషను కింద పెట్టి అతికించే మనిషి. నాకంటే రెండేళ్ళు పెద్ద, తన ఊరి చర్చిలో సంఘపెద్ద. అతికించేముందు కళ్ళు మూసుకుని ఒక ప్రార్థన చేసేవాడు, అతికించాక వెలుగు కొలిచి, నష్టం ఏమీ లేదని చూసి, ఇంకొక చిన్న ప్రార్థన. రెండోది కృతజ్ఞత కాదు సార్, గర్వం రాకుండా చేసుకుంటాండా అనేవాడు. అతని గర్వం అతనికి ఉండేది. జిల్లాలో ఎక్కడ కేబులు తవ్వినా పైన కప్పిన నాపరాయి ఎత్తి చూసి, ఇది నా చేతిది, ఇది కాదు అని చెప్పగలడు. ఆ యేడు అతనికి ప్రమోషను రావాల్సి ఉంది. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఒకే ఒక్క ప్రమోషను, మళ్ళీ వయసు ఉండదు. సర్వీసు పుస్తకంలో ఒక్క మచ్చ పడినా అది రాదు.

“సార్, కడప సారు అడగమన్నాడు, మీకాడ బ్యాటరీలు బాగుండాయా అని,” అనేవాడు నా బల్ల ముందు నిలబడి.

“బాగున్నాయని చెప్పు.”

“మీరు ఆయప్పను అడగమన్నేది ఏమన్నా ఉండాదా?”

“ఏమీ లేదు.”

“పోనీ, బాగుండావా అని అడిగినారని చెప్పేదా?”

“నేను అడగలేదు కదా.”

“మీరు అడగలేదు సార్. నేను చెప్తా.”

ఇట్లా రెండేళ్ళు నడిచాక మా అమ్మకు కంటి ఆపరేషను వచ్చింది. కడపలో. నేను ఎవరికీ చెప్పలేదు. ఆపరేషను తరువాతి ఆదివారం, కంటికి కట్టుతో ఆమె ఆసుపత్రి మంచం మీద కూర్చుని ఉండగా కరణం మనవడు ఒక సంచిలో బత్తాయిలు పట్టుకుని వచ్చాడు. జాయింటరు చెప్పి ఉంటాడు. నన్ను చూసి తల ఊపాడు. నేనూ ఊపాను. అతను మా అమ్మ పాదాలకు దండం పెట్టి, తన తాత పేరు చెప్పి, ఆయన మనవణ్ణన్నాడు.

అమ్మ ముఖం విప్పారింది. “కరణం మనవడివా నాయనా? మీ తాత ఎంత నిదానస్థుడో. మా మామ గట్టిగా అరిచినా ఆయప్ప గొంతు లేచేది కాదు. కానీ ఒకటుండాది. మీ తాత లెక్క సరిగ్గా ఉంటే కలం చేతిలో పెట్టుకోని చెప్పేవాడు. లెక్కలో ఏందన్నా దాచినాడంటే, కలం పోయి చెవి మీద కూర్చునేది. మా మామ దాంతోనే కనిపెట్టి నవ్వేవాడు.”

అతను కూడా నవ్వాడు. “ఆ అలవాటు మా నాయనకూ వచ్చింది అవ్వా.”

“నీకు?”

“నాకు రాలేదు,” అంటూ జేబులోని పెన్ను వైపు చూసుకున్నాడు.

గంటసేపు కూర్చున్నాడు. బత్తాయిలు ఒలిచి పెట్టాడు. పోయేటప్పుడు నాతో ఒక్క మాట, “అవ్వను ఎండలో తీసుకుపోవద్దండి సార్, కారు పంపిస్తా,” అన్నాడు. పంపించాడు.

కారులో అమ్మ నా వైపు తిరిగి, కట్టులేని కంటితో చూసింది. “ఆ పిల్లోనితో మాట్లాడవంట?”

“ఎవరు చెప్పారు?”

“ఎవరో ఒకరు చెప్తారు. ఏందో గంట ఆయన కొడితే నువ్వు కొట్టనంటాండావంట. నాయనా, మనింట్లో గంట కొట్టినోడు కూడా మనోడు కాదు, జీతగాడు. మీ తాత ఆ గంట విని అన్నానికి లేచేవాడు. ఆయన కొట్టినాడు, ఈయన లేచినాడు. ఎవరి గౌరవం పోయింది?”

నేను డ్రైవరుకు దారి చెప్పాను. కానీ ఆ రాత్రికే నిర్ణయించుకున్నాను. కాగితంలో ఉన్నట్టే కడప క్లాకు తీసుకుంటాను. ఎవరికీ చెప్పను. చెబితే తగ్గినట్టవుతుంది. చెప్పకుండా తగ్గితే తగ్గినట్టు కాదు. ఇది మా వంశపు తర్కశాస్త్రం.

సోమవారం నాడు రోడ్డు వెడల్పు చేసే యంత్రం మా స్టేషనుకూ కడపకూ మధ్య కేబులు తెంపేసింది. జాయింటరు గొడుగు కింద కూర్చుని మంగళవారం సాయంకాలానికి అతికించి, వెలుగు కొలిచి, రెండు ప్రార్థనలూ ముగించాడు. బుధవారం పొద్దున పది గంటలకు నేను గది తలుపు వేసుకుని, మిషనులో నంద్యాల అని ఉన్నచోట కడప అని మార్చాను. పచ్చ దీపం వెలిగింది. మనసు తేలికైంది. రెండేళ్ళలో మొదటిసారి కాఫీలో చక్కెర ఎక్కువ వేసుకున్నాను.

మధ్యాహ్నానికల్లా మా ఊరి ఫ్యాక్సు సెట్టి వచ్చాడు. బజారులో అతనికి కిరాణా అంగడి, అంగట్లోనే ఒక మూల ఎస్టీడీ బూతు, ఫ్యాక్సు. పసుపు వ్యాపారం కూడా ఉండేది. చేతిలో ఒక కాగితం.

“సార్, దీనికి తలకాయ ఉండాది, మొండెం యాడ పోయింది?”

చూశాను. పై సగం రాత, కింది సగం బూడిదరంగు చారలు. కొనుగోలుదారు చేతిరాత. ‘మీ పసుపు చూసితిమి. రెండు లారీలు పంప’ అని ఉంది. అక్కడ నుంచి చారలు.

“పంపమన్నాడా, పంపొద్దన్నాడా?” అన్నాడు సెట్టి. “మా అంగట్లో పొద్దున్నుంచి ఇదే పంచాయితీ. మా తమ్ముడు పంపమనే అంటాండాడు. వాడు ఆశపోతు.”

“మళ్ళీ పంపమని అడగరాదా?”

“అడిగినా సార్. ఆయప్ప ఫోనులో బేరం చెప్పడు, రాతలోనే. రెండోసారి మొండెం వచ్చింది, తలకాయ రాలేదు. ఇట్లు తమ విధేయుడు అని ఉండాది. ఎవరో, ఏమో.”

అది మొదలు. బ్యాంకువాళ్ళ లైను రోజుకు పదిసార్లు పడిపోయేది. మంగంపేట గనుల వాళ్ళ ఫ్యాక్సులు సగం సగం పోయేవి. మాట్లాడేవాళ్ళకు మాత్రం ఏ ఇబ్బందీ లేదు, మధ్యమధ్య టిక్కు. ఎక్స్ఛేంజిలో స్లిప్పులు గుట్టగా పేరుకుంటున్నాయి. నా మిషను చూస్తే అన్నీ పచ్చ దీపాలు. కడప నుంచి క్లాకు చక్కగా వస్తోందని చెబుతోంది.

స్లిప్పులంటే క్లాకు జబ్బు, ఆ మాత్రం నాకు తెలియకపోలేదు. కడపలో మిషనేదో చెడి ఉంటుందనుకున్నాను. కానీ మా అమ్మకు బత్తాయిలు ఒలిచిపెట్టిన మనిషిని పట్టుకుని నీ మిషను చెడిందని పైకి రాయడమెట్లా? మళ్ళీ నంద్యాలకు మార్చుకుంటే చేసిన మర్యాద వెనక్కి తీసుకున్నట్టవుతుంది. రిపోర్టులో ‘మిషన్లు సక్రమము, కేబులు పరీక్షించవలెను’ అని రాశాను. అదే రోజు కడప నుంచి కూడా పైకి ఒక రిపోర్టు పోయింది. అందులోనూ ఇదే వాక్యం. అది నేను తరువాత చూశాను.

రెండు స్టేషన్ల అధికారులూ ఒకే మాట రాస్తే పైవాళ్ళు ఏం చేస్తారు? బాధ మొదలైన తేదీ చూశారు, జాయింటు వేసిన తేదీ చూశారు. జాయింటరును పిలిచి, నీ జాయింటు చెడ్డది, కోసి మళ్ళీ వెయ్యమన్నారు.

వేశాడు. స్లిప్పులు ఆగలేదు. మళ్ళీ కోయించారు. నేను రోడ్డు పక్కకు పోయి చూశాను. గొడుగు కింద, తలకు తువ్వాలు, దుమ్ము పడకుండా మిషను మీద ఇంకొక తువ్వాలు. వెలుగు కొలిచే మీటరు నాకు చూపించాడు.

“చూడండి సార్. పోయినసారి ఎంతుండాదో అంతే ఉండాది. అంతకు ముందూ అంతే. వెలుగు బాగుండాది. పెండ్లి చేసిన చేత్తోనే పెటాకులు చేయిస్తాండారు, మళ్ళా అదే పిల్లను అదే పిల్లోనికి కట్టబెట్టమంటాండారు.”

“పైవాళ్ళ ఆర్డరు కదప్పా.”

“ఆర్డరు వాళ్ళదే సార్. వాళ్ళకు రాసినోళ్ళు ఎవరు?”

నేను కుందూ నది వైపు చూశాను. అందులో నీళ్ళు లేవు, చూడటానికి వేరే ఏమీ లేదు.

మూడో జాయింటూ అయింది. ఇరవయ్యో రోజున కడపలో విచారణ పెట్టారు. డివిజను పెద్ద సారు గోదావరి వైపు మనిషి, మెత్తగా మాట్లాడతాడు, మెత్తగానే సంతకం పెడతాడు. పొద్దున పదకొండు గంటలకు ఆయన గదిలో నలుగురం. ఆయన, నేను, కరణం మనవడు, తలుపు దగ్గర జాయింటరు. నేను కూర్చోమన్నా అతను కూర్చోలేదు. బల్ల మీద ఒక కాగితం టైపు కొట్టి సిద్ధంగా ఉంది. తలకిందులుగా ఉన్నా చదవగలిగాను. జాయింటరు పేరు, నిర్లక్ష్యము, సంజాయిషీ. కింద సంతకం చోటు ఖాళీ.

“నాకూ బాధగానే ఉందండీ,” అన్నాడు పెద్ద సారు. “పెద్దవాడు, రేపోమాపో ప్రమోషను. కానీ ఇరవై రోజులుగా గనులవాళ్ళూ బ్యాంకులవాళ్ళూ నా ప్రాణం తోడేస్తున్నారు. మిషన్లు బాగానే ఉన్నాయని మీరిద్దరూ రాశారు. ఇంకేం మిగిలింది చెప్పండి? ఫార్మాలిటీకి ఒక్కటి రాసుకుంటాను. మీ స్టేషనుకు క్లాకు ఎటునుంచి వస్తోందండీ?”

మొదట నన్నే అడిగాడు. తలుపు దగ్గర జాయింటరు. ఎదురుగా కరణం మనవడు. రెండేళ్ళ పంతం నేనే విడిచానని వాళ్ళిద్దరి ముందూ, అందులోనూ అతని ముందు, నా నోటితో చెప్పాలి. నిజానికి అది చెప్పడం వల్ల ఏమొస్తుంది, నేను చేసింది కాగితం ప్రకారమే కదా, తప్పేమీ లేదు కదా అనుకున్నాను. వెన్ను ఇంకొంచెం నిటారు చేశాను.

“నంద్యాల వైపు నుంచి,” అన్నాను.

ఆయన రాసుకున్నాడు. “మీకండీ?”

“ఎర్రగుంట్ల పక్కనుంచి సార్,” అన్నాడు కరణం మనవడు.

అంటూ, చేతిలో ఉన్న పెన్నును తీసి చెవి మీద పెట్టుకున్నాడు.

అమ్మ మాట గుర్తొచ్చింది. ఒక్క క్షణం నవ్వు వచ్చింది. మరుక్షణం నవ్వు ఆగిపోయింది. ఇతను ఎర్రగుంట్ల నుంచి తీసుకోవడం లేదు. మరి ఎటునుంచి? అతనికి ఉన్నవి రెండే వైపులు. ఒకటి ఎర్రగుంట్ల. రెండోది నేను.

నేను అతని దగ్గర తీసుకుంటున్నాను. అతను నా దగ్గర తీసుకుంటున్నాడు. ఇరవై రోజులుగా రెండు స్టేషన్లూ ఒకదాని గంట విని ఇంకొకటి గంట కొడుతున్నాయి. నీళ్ళ తొట్టి లేదు, గిన్నె లేదు. ఒకరినొకరు చూసుకుంటూ, ఒకరి తడబాటు ఒకరు అందుకుంటూ, కర్నూలు పోటుకు దూరంగా ఇద్దరం మెల్లగా కొట్టుకుపోతున్నాం. ఇద్దరికీ గంట వినిపిస్తూనే ఉంది కాబట్టి ఇద్దరి దగ్గరా పచ్చ దీపాలే. ఇట్లాంటిది జరగకుండా మిషన్లు ఒకదానికొకటి చీటీలు పంపుకునే ఏర్పాటు ఒకటి ఉండేది, నేను నీ దగ్గరే తీసుకుంటున్నాను, నువ్వు నా దగ్గర తీసుకోవద్దు అని. మా రెండు మిషన్లూ వేర్వేరు కంపెనీలవి, ఒకదాని చీటీ ఇంకొకదానికి అర్థం కాక అది ఆపేసి ఉంచాం. మిషన్లు కూడా మాలాగే.

పెద్ద సారు పెన్ను మూత తీశాడు. కాగితం తన వైపు జరుపుకున్నాడు. జాయింటరు కళ్ళు మూసుకున్నాడు. అది ఎన్నో ప్రార్థనో నాకు తెలియదు.

నేను లేచి నిలబడ్డాను.

“సార్, నేను చెప్పింది అబద్ధం. ఇరవై రోజుల నుంచి నేను కడప క్లాకు తీసుకుంటున్నాను. జాయింటు వేసిన మరుసటి రోజు పొద్దున మార్చాను. ఎవరికీ చెప్పలేదు.”

పెద్ద సారు నోరు తెరిచేలోగా కరణం మనవడు కూడా లేచాడు. పెన్ను ఇంకా చెవి మీదనే ఉంది. నా వైపు చూడకుండా చెప్పాడు.

“నేను వీళ్ళ దగ్గర తీసుకుంటాండా సార్. అదే రోజు. ఆదివారం వాళ్ళమ్మగారిని చూసొచ్చినంక ఎందుకో మనసు ఊరుకోలేదు. పెద్దింటోళ్ళు, ఇంతకాలం పట్టుదల ఎందుకులే అనుకోని మార్చినా. చెప్తే బాగుండదని చెప్పలేదు.”

పెద్ద సారు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. “ఆగండాగండి. ఈయన మీ దగ్గర తీసుకుంటున్నారు. మీరు ఈయన దగ్గర తీసుకుంటున్నారు. మరి క్లాకు ఎవరి దగ్గరుందండీ?”

తలుపు దగ్గర నుంచి జాయింటరు గొంతు సర్దుకున్నాడు.

“అడక్కండి సార్. ఇద్దరు మర్యాదస్తులు.”

పెద్ద సారు నవ్వుతాడని నేను అనుకోలేదు. ఆయన కళ్ళద్దాలు తీసి, బల్ల మీద తల వాల్చి నవ్వాడు. మాకు మాత్రం నవ్వు రాలేదు. నవ్వాక ఆ కాగితాన్ని నాలుగు ముక్కలు చేశాడు. “సరే, ఇప్పుడు మార్చండి,” అన్నాడు.

“నేను మారుస్తాను,” అన్నాను.

“మీరెందుకు సార్, నేను మారుస్తా,” అన్నాడు కరణం మనవడు.

“వద్దు, నేనే.”

“సార్,” అని చేతులు జోడించాడు జాయింటరు, పెద్ద సారు వైపు తిరిగి. “వీళ్ళిద్దరికీ వదలద్దండి. మళ్ళా మర్యాద చేసుకుంటే మళ్ళా నన్నే తవ్వమంటారు. ఎవరు మార్చాల్నో మీరు పేరు పెట్టి చెప్పండి.”

ఆయన చెప్పాడు. కడప ఎర్రగుంట్ల వైపుకు మారాలి. నేను కడప దగ్గరే తీసుకోవాలి, కాగితంలో ఉన్నట్టు. పక్క గదిలోకి పోయి అతను మార్చాడు. ఎక్స్ఛేంజిలో స్లిప్పుల లెక్క ఉన్నచోట నిలిచిపోయింది. సాయంకాలానికి మా ఊరి సెట్టికి ఒక ఫ్యాక్సు, తలా మొండెమూ కాళ్ళూ అన్నిటితో వచ్చింది. పంపవద్దన్నాడు. అప్పటికే పసుపు పోయింది. ఆశపోతు తమ్ముడి మాట నెగ్గి రెండు లారీలూ ముందురోజే బయలుదేరాయి. అక్కడ కొనుగోలుదారు మొహమాటానికి దించుకున్నాడట. ఆ వారం జిల్లాలో మొహమాటం పుష్కలంగా దొరికింది.

జాయింటరూ నేనూ జీపులో తిరిగి బయలుదేరాం. మైదుకూరు దగ్గరపడ్డాక, “అప్పా, రెండుసార్లు నీ జాయింటు కోయించాను. నా తప్పు,” అన్నాను. ఆ మాట అనడానికి నాకు నలభై కిలోమీటర్లు పట్టింది.

“తెలుసు సార్,” అన్నాడు.

“ఏం తెలుసు?”

“మీరు నంద్యాల అన్నప్పుడే తెలుసు. మామూలుగా చెప్పేటప్పుడు మీరు నిటారుగా ఉంటారు. అబద్ధం చెప్పేటప్పుడు ఇంకా నిక్కుతారు. కడపాయనకు చెవి, మీకు వీపు.”

“మరి అక్కడే ఎందుకు చెప్పలేదు?”

“మీరు లేస్తారనుకున్నా. కొంచెం లేటైంది, అంతే. గంట మీ ఇంటి నుంచి చివరి ఊరికి రావద్దా.”

దివాణం గంట సంగతి అతనికి చెప్పింది కూడా మా అమ్మే అయి ఉంటుంది.

అతని ప్రమోషను రెండు నెలల తరువాత వచ్చింది. నాకొక పలావు పొట్లం, కడపకొకటి పంపించాడు. తనే స్వయంగా వచ్చి, “మీ ఇద్దరూ మళ్ళా మాట్లాడుకోకుండా ఉండండి సార్. ఫ్యాక్సులు శానా బాగొచ్చేవి,” అన్నాడు.

మాట్లాడుకున్నాం. స్టేషన్ల మధ్య ఫోనులో మొట్టమొదట చేసుకున్న ఒప్పందం ఇదొక్కటే: ఇకమీదట తగ్గేదుంటే ముందు చెప్పి తగ్గాలి. మిగతా సర్వీసంతా నేను కరణం మనవడి గంట విని నా గంట కొట్టాను. మా తాత అన్నానికి లేచినట్టు, రోజూ పదింటికి క్లాకు చూసుకుని కాఫీకి లేచేవాణ్ణి. గౌరవం ఎక్కడికీ పోలేదు. పోవడానికి అంత మిగల్లేదు కూడా.

ఆ ఒప్పందమైన నెలకు మా ఇద్దరికీ కలిపి శాఖ నుంచి ఒక మందలింపు కాగితం వచ్చింది. ఒకే కాగితం, రెండు పేర్లు. నా పేరు ముందుంది, అతనిది వెనక. హోదా ఒకటే, సర్వీసులో నిజానికి అతనే ఆరు నెలలు సీనియరు. అయినా నా పేరు ముందుండటం నాకు సబబుగానే తోచింది. ఆ కాగితాన్ని మడిచి చిల్లి గిన్నెలో పెట్టాను. నీళ్ళు నిలవవు గానీ కాగితం నిలుస్తుంది. ఊళ్ళు పోయాక సర్కారు మా ఇంటికి పేరు పెట్టి రాసిన మొదటి సన్నదు అదే.

పోయిన నెల జాయింటరు మా ఇంటికి వచ్చాడు. ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తాడు, వేళ్ళు మాత్రం ఇంకా వణకవు. గిన్నెలో కాగితం చూసి తీసి చదివాడు.

“దీంట్లో మీ పేరు ముందెట్లొచ్చిందో తెలుసునా సార్?”

“సీనియారిటీ ప్రకారం ఆయనదే రావాలి. టైపిస్టు పొరపాటు.”

“పొరపాటు కాదు. కడపాయన టైపు కొట్టే ఆమె పక్కన నిలబడి చెప్పినాడు. వాళ్ళ పేరు ముందు కొట్టమ్మా, మా తాత అట్లే రాసేవాడు అని. నేను ఆడే ఉన్నా.”

ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదని అడగబోయి మానేశాను. అతను పోయాక ఎర్రగుంట్లకు ఫోను చేశాను. కరణం మనవడు రిటైరయ్యాక అక్కడే ఉంటున్నాడు.

“ఏమప్పా, తగ్గేదుంటే చెప్పి తగ్గాలని మాట అనుకున్నాం కదా.”

అటువైపు బల్ల మీద నుంచి ఏదో తీసిన చప్పుడైంది. పెన్ను ఎక్కడికి పోయి ఉంటుందో నేను చూడకుండానే చెప్పగలను.

“ఆ కాగితం ఒప్పందానికి ముందుది సార్,” అన్నాడు.